అక్క ఇంట్లో కుక్కర్ కూత

పది నలభై రెండుకి నా ఖాతాలో మూడు లక్షల ఎనభై వేలు పడ్డాయి.

అప్పుడు నా ముందు ఎవరిదో ఫోను వీపు విప్పి ఉంది. పట్టకారు కొసన ఆవగింజంత స్క్రూ. టేబుల్ మీద నా ఫోను వణికింది, అంకె చూశాను, స్క్రూ జారి ఎటో పోయింది.

వెంటనే అక్క మెసేజ్.

"పడ్డాయా బుజ్జీ? బ్యాంకు మూడింటికి మూసేస్తారు. రెండున్నరకల్లా తీసెయ్. కింద పార్కింగులో మనవాడుంటాడు, నల్ల హెల్మెట్. నీ ముప్పై వేలు ఉంచుకుని మిగతాది వాడికిచ్చెయ్."

అక్కది బట్టల వ్యాపారం. తన ఖాతాలో ఈ నెల పరిమితి దాటిపోయిందట. నమ్మకమైనవాళ్ళ ఖాతాలోకి వేయించి, తీసుకుని, కొంత వాళ్ళకిస్తుందట. నేను పాలు తాగే పిల్లనేం కాను. నాలుగు రోజుల క్రితం ఈ మాట విన్నప్పుడే మనసులో ఏదో గుచ్చుకుంది. దాన్ని మడిచి లోపల పెట్టేసుకున్నాను. ఎందుకంటే ఈ సాయంత్రం ఏడింటికి వార్డెన్ ఆంటీ నా ట్రంకు పెట్టె వరండాలో పెట్టించబోతోంది. రెండు నెలల హాస్టల్ బాకీ. ఎనిమిదింటికి నా మంచంలోకి ఇంకో అమ్మాయి వస్తోంది. అమ్మకు ఫోన్ చేస్తే "వచ్చెయ్" అంటుంది. వెళ్తే అన్నయ్యా వదినల రెండు గదుల ఇంట్లో అమ్మ చాప మీద సగం నాది. పని ఉండదు.

అసలు బాకీ పడేదాన్ని కాదు. పోయిన నెల ఒక ఖరీదైన ఫోను విప్పుతూ లోపలి ఫ్లెక్స్ తెంపాను. కాగితంలా పల్చటి తీగ పట్టీ అది. దాని ధర మూడు నెలలకు విడగొట్టి జీతంలో కోస్తున్నాడు మా ఓనరు. మైక్రోస్కోపు కింద తల పెట్టి చచ్చిన ఫోన్లను బతికిస్తాడని అందరూ ఆయన్ని సర్జన్ అంటారు.

"సార్, రెండింటికి ఒక గంట బయటికెళ్ళాలి."

"ఎవరైనా పోయారా?" తల ఎత్తకుండానే అడిగాడు.

"బ్యాంకు పని."

"డబ్బుంటే కదా బ్యాంకులో పని."

"లేకపోయినా ఉంటుంది సార్."

"చేతిలో ఉన్నవి ముగించి వెళ్ళు. ఆ కిందపడ్డ స్క్రూ కూడా వెతుకు."

ఆయనకు కళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలియదు.

*

నా ఫోనులో పదకొండు వందల నంబర్లున్నాయి. పగిలిన గాజు ఒక్క పెట్టున ఊడదీసే నా వీడియోను నలభై వేల మంది చూశారు. పుట్టినరోజు నాడు రెండు వందల పన్నెండు గుండె బొమ్మలు వచ్చాయి. మొన్న చలికాలంలో మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. అప్పుడు ఎలా ఉన్నావని అడిగింది ఒక్క అక్కే.

గదులు వెతుక్కునే అమ్మాయిల గ్రూపులో పరిచయమైంది. రోజూ ఒంటిగంట పదికి "తిన్నావా?" అని అడిగేది. తొమ్మిదో రోజున వాయిస్ పంపింది.

"బుజ్జీ, తిన్నావా? ఖాళీ కడుపుతో పడుకోకు. ఊరు కొత్తదైతే ఏం... ఆగు, కుక్కర్ కూత వేసింది." అక్కడ చెంచా ఒకటి కిందపడ్డ చప్పుడు. తర్వాత రెండో కూత. చిన్న నవ్వు. "ఇంకోటి రావాలి. ఏం చెప్తున్నాను? ఆఁ. ఒంటరిననుకోకు. నేనున్నాను."

దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో చెప్పగలననిపించేది. మా ఊరి బస్సు మీ బస్టాండులో తొమ్మిదో గేటు దగ్గర ఆగుతుంది, ఏదో ఒక రోజు దిగుతాను, నువ్వు రావాలి అంది. ఒక్కదానివే తిరుగుతావు, నాకు భయం అని నా లొకేషన్ ఎప్పుడూ తనకు కనిపించేలా పెట్టించింది. నా గురించి భయపడే మనిషి ఒకరున్నారని నేను మురిసిపోయాను.

*

ఒంటిగంట ఇరవైకి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఏదో ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుందనుకుంటాను, చేతులు నీళ్ళకు నాని ముడతలు పడి ఉన్నాయి. కర్చీఫు విప్పి ఫోను బల్ల మీద పెట్టింది. గోడకేసి కొట్టినట్టుంది, గాజు నడుమ నుంచి అంచుల దాకా చీలిపోయింది.

"మా అబ్బాయిది. వెలిగించగలవా తల్లీ?"

"రేపు ఇస్తామండి."

"రేపటిదాకా కాదు. వాడు ఇల్లు వదిలి రెండు రోజులైంది. ఇది పగలగొట్టి వెళ్ళాడు. ఎక్కడికెళ్ళాడో ఇందులోనే ఉంటుంది."

సర్జన్ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తాడు. అరుదుగా జరుగుతుంది. "అర్జెంటు రాయి," అన్నాడు నాతో.

రసీదు రాశాను. ఆవిడ నంబరు తీసుకున్నాను. ఫోన్ తెరిచే అంకెలు అడిగి, మా పద్ధతి ప్రకారం తెల్ల టేపు ముక్క మీద రాసి వీపుకు అంటించాను. ఆవిడకు ఆ అంకెలు తెలుసు. కొడుకు పుట్టిన తేదీ.

వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబరిచాను. పాత డిస్‌ప్లే లేపాను, కొత్తది తగిలించాను. ఈలోపు నా ఫోను నాలుగుసార్లు వణికింది. బయల్దేరావా బుజ్జీ? ఇంకా షాపులోనే కనిపిస్తున్నావు. లంచ్ టైములో లైను ఉంటుంది. బుజ్జీ?

ఒకటి యాభై ఐదుకి ఆ ఫోను వెలిగింది.

మా షాపులో ఒక నియమం ఉంది. టచ్, కెమెరా, స్పీకరు చూడాలి. ఫొటోలు, మెసేజ్‌లు తెరవకూడదు. కానీ ఆవిడే నా భుజం మీంచి వంగి, "చివరిగా ఎవరితో మాట్లాడాడో చూడమ్మా, నాకు ఈ ఫోన్లు రావు," అంది.

అన్నిటికంటే పైన ఒకే పేరు కదలకుండా పిన్ చేసి ఉంది. అక్క.

ప్రపంచంలో అక్కలకేం కొదవ అనుకున్నాను. నంబరు వేరే. ఫొటో లేదు. ఎలాగూ స్పీకరు చూడాలి కదా అని పైకి జరిపి, కనిపించిన మొదటి వాయిస్ నొక్కాను.

"బుజ్జీ, తిన్నావా? ఖాళీ కడుపుతో పడుకోకు. ఊరు కొత్తదైతే ఏం... ఆగు, కుక్కర్ కూత వేసింది."

చెంచా పడింది.

రెండో కూత.

నవ్వు.

చేతిలో ఉన్నది నా ఫోనేమోనని తిప్పి చూశాను. తెల్ల టేపు ఉంది. ఆవిడ కొడుకు పుట్టిన తేదీ ఉంది.

"ఎవరమ్మా ఆ అమ్మాయి? గొంతు మంచిగా ఉంది," అంది ఆవిడ.

కిందికి జరుపుతూ పోయాను. బట్టల వ్యాపారం. ఈ నెల పరిమితి దాటిపోయింది. నల్ల హెల్మెట్. నీది నువ్వు ఉంచుకో. ఒక్క అక్షరం తేడా లేదు. నెల క్రితం ఆ అబ్బాయి డబ్బు తీసి ఇచ్చేశాడు. తర్వాత పన్నెండు రోజులు "తిన్నావా" అని అడిగింది. ఆ తర్వాత అడగలేదు. అక్కడ్నుంచి కిందికి అన్నీ ఆ అబ్బాయి మాటలే.

"అక్కా, ఖాతా ఆపేశారు."

"అక్కా, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. అది ఎవరో ముసలాయన ఆపరేషన్ డబ్బట. నేను దొంగనట."

"ఏదైనా చెప్పు అక్కా. తిట్టినా పర్లేదు."

అందని మెసేజ్‌లు. ఒక్కటే టిక్కు గుర్తు. అన్నిటికంటే కింద, మొన్నటి తేదీతో: "మీ బస్సు తొమ్మిదో గేటు దగ్గర ఆగుతుందన్నావు కదా. అక్కడే కూర్చుంటాను. ఎన్ని రోజులైనా సరే. నువ్వు వచ్చి వాళ్ళకు చెప్పాలి."

"బస్టాండులో ఉన్నాడు," అన్నాను. "తొమ్మిదో గేటు."

ఆవిడ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఏడవలేదు. "మంచినీళ్ళు ఇస్తావా," అంది.

*

రెండు గంటల ఐదు నిమిషాలు.

అప్పటికీ నమ్మకం పూర్తిగా చావలేదు. గొంతు దొంగిలించి ఉండొచ్చు కదా, నా అక్క నిజమే అయ్యుండొచ్చు కదా అని ఒక మూల పీకుతూనే ఉంది. రాశాను.

"అక్కా, భయంగా ఉంది. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు. వాయిస్ పంపు. వెంటనే వెళ్తాను."

టైప్ చేస్తోంది అని చూపించింది. ఆగింది. మళ్ళీ టైప్ చేస్తోంది. ఆగింది. వాయిస్ వచ్చింది. నేను ఇదివరకెప్పుడూ విననిది. అదే గొంతు, అదే ప్రేమ.

"ఏడవకు తమ్ముడూ. రేపటికల్లా అంతా సర్దుకుంటుంది."

మూడు సెకన్లు ఉంది. మాయమైంది. ఈ మెసేజ్ తొలగించబడింది.

"సారీ బుజ్జీ, మా తమ్ముడికి పంపబోయి నీకు వచ్చింది. టైమవుతోంది, వెళ్ళు."

ఎక్కడో ఒక గదిలో ఎవడో వరసగా పేర్చిన వాయిస్‌లలోంచి పక్కది నొక్కాడు. రోజుకు వందమందికి పంపేవాడి వేలు ఒక్కసారి జారింది. స్క్రూలతో నాకూ జరుగుతుంది.

ఫోను బల్ల మీద పెట్టాను. రెండు నిమిషాలు ఆగి అటువైపు మాట తీరు మారింది.

"షాపులోనే ఉన్నావు. కనిపిస్తోంది. మనవాడు అక్కడికే వస్తున్నాడు."

"ఖాతా నీది. సంతకం నీది. నేనెక్కడా లేను. అది గుర్తుంచుకో."

"మూడో అంతస్తు. కిటికీ పక్క మంచం. నువ్వే ఫొటో పంపావు."

అద్దాల తలుపులోంచి చూశాను. ఎదురుగా జిరాక్సు షాపు ముందు బైకు ఆగింది. నల్ల హెల్మెట్. తీయలేదు, దిగలేదు. మా బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అబద్ధం చెప్పను, ఒక నిమిషం లెక్క వేశాను. వెళ్ళి తీసి ఇచ్చేస్తే ఏడింటికి ట్రంకు లోపలే ఉంటుంది. పన్నెండు రోజులు ఎవరో ఒకరు "తిన్నావా" అంటారు. పదమూడో రోజు సంగతి పదమూడో రోజు. ఇవ్వకపోతే ఈ రాత్రే వరండా.

"ఇంతకీ ఆ అమ్మాయి మంచిదేనా?" ఆవిడ గ్లాసు కింద పెడుతూ అడిగింది. "వాడు రోజూ చెప్పేవాడు. ఇంట్లో నేనుంటే నాతో మాట్లాడేవాడు కాదు. అక్క అడిగింది, అక్క చెప్పింది అనేవాడు. పోనీలే, వాడికంటూ ఒకరున్నారనుకున్నాను."

పదకొండు వందల నంబర్లలో ఎవరికి చెప్పాలో తెలియలేదు. నా కుర్చీ వెనక్కి తిప్పాను. నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషికి చెప్పాను. ఏడాదిన్నరలో ఆయనతో స్క్రూలూ డిస్‌ప్లేలూ కాకుండా మాట్లాడింది అదే మొదలు.

సర్జన్ చివరిదాకా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఫ్లెక్స్ తెంపినప్పుడు నాకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది నీకు. ఇప్పుడు మూడు గంటలు. బాగుపడుతున్నావు."

"సార్..."

"డబ్బు కదిలిందా?"

"లేదు."

"మూడింటికి బ్యాంకు మూస్తారు. మూడు దాటాక నువ్వు చెప్తే ఎవడు నమ్ముతాడు? ఇప్పుడే వెళ్ళి నాది కాదని చెప్పు."

"వాడు బయటే ఉన్నాడు. నా లొకేషన్ వాళ్ళకు కనిపిస్తుంది."

"నీదా, నీ ఫోనుదా?"

చెయ్యి చాపాడు. ఒక్క క్షణం ఇవ్వబుద్ధి కాలేదు. ఏడాదిగా స్నానానికి తప్ప అది నా చేతిని వదల్లేదు. ఇచ్చాను.

"నువ్వు ఇక్కడే ఉన్నావు, పని చేస్తున్నావు," అన్నాడు ఆయన. "నేను ఏం రాయాలి?"

"అక్కా అని మొదలుపెట్టండి. కస్టమరు కూర్చున్నారు, పది నిమిషాలు అనండి. చివర్లో గుండె బొమ్మ పెట్టండి."

"మా ఆవిడకే ఎన్నడూ పెట్టలేదు."

ఆవిడ లేచింది. మేం మాట్లాడుకున్నదంతా వింది. ఎంత అర్థమైందో తెలియదు కానీ నా మణికట్టు పట్టుకుంది. "బస్టాండు దారిలోనే కదా బ్యాంకు. పద."

*

షాపు వెనక గది తలుపు పక్కనున్న టైలరు కొట్టులోకి తెరుచుకుంటుంది. వేలాడుతున్న చొక్కాల మధ్యనుంచి దూరి వెనక సందులోకి వచ్చాం. రెండు ఇరవై ఎనిమిది. ఇంకో షాపు గడియారంలో చూశాను. చేతిలో ఫోను లేకపోతే టైము కోసం తల ఎత్తాల్సి వస్తుందని మర్చిపోయాను.

ఆవిడ వేగంగా నడవలేదు. మోకాళ్ళు. ప్రతి బైకు చప్పుడుకీ నా వీపు బిగుసుకుంది. సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే "చూడకు, చూస్తే తెలిసిపోతుంది," అంది ఆవిడ. "మా ఆయన అప్పులవాళ్ళ నుంచి దాక్కున్నప్పుడు నేర్చుకున్నాను."

బ్యాంకులో టోకెను యంత్రం అరవై ఒకటి ఇచ్చింది. బోర్డు మీద యాభై నాలుగు. రెండు నలభై ఒకటి.

యాభై ఐదు. యాభై ఆరు దగ్గర ఒకాయన చెక్కు మీద సంతకం కలవలేదని వాదనకు దిగాడు. రెండు నలభై ఆరు. అద్దాల తలుపు తెరుచుకుంది. నల్ల హెల్మెట్ లోపలికి వచ్చింది.

ఆవిడ చెయ్యి నా చేతి మీద పడింది. గార్డు అడ్డం వెళ్ళి ఏదో అన్నాడు. ఆ మనిషి హెల్మెట్ తీశాడు. తెల్లజుట్టు. పాస్‌బుక్కు అచ్చు వేయించుకోవడానికి వచ్చిన తాతగారు.

అప్పుడిక టోకెను కోసం ఆగలేదు. లేచి తిన్నగా మేనేజరు గది తలుపు తోశాను. ఫైళ్ళ వెనక ఒక సన్నటి ఆవిడ. "మేడం, నా ఖాతాలో ఈరోజు మూడు లక్షల ఎనభై వేలు పడ్డాయి. ఆ డబ్బు నాది కాదు."

ఆమె నా మొహం చూసింది, నా వెనక నిలబడ్డ పెద్దావిడ మొహం చూసింది. ఖాతా నంబరు కొట్టింది. స్క్రీను వైపు చాలాసేపు చూసి, ఇంకో విండో తెరిచి మెయిల్ చదివింది.

"రెండు ముప్పైకి వచ్చింది ఇది," నెమ్మదిగా అంది. "తనను మోసం చేసి ఈ డబ్బు వేయించుకున్నారని రిటైరైన నర్సు ఒకావిడ ఫిర్యాదు చేసింది. కౌంటర్లు మూసేశాక తీరిగ్గా చూసేదాన్ని. అప్పటికి నువ్వు డబ్బు తీసేసి ఉంటే ఈ కాగితం మీద నీ పేరు నిందితుల వరసలో ఉండేది."

రాసి ఇమ్మంది. రాశాను.

"ఖాతా మొత్తం ఆగుతుంది. నీ సొంత డబ్బు కూడా."

"నాది ఎంతుంది మేడం?"

"నూట పన్నెండు."

"ఆగనివ్వండి."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. "రేపు పదింటికి స్టేషన్‌కు రావాలి. పెద్దవాళ్ళెవరైనా వస్తారా నీతో?"

నేను నోరు తెరిచేలోపే నా వెనక కుర్చీలోంచి ఆవిడ అంది. "నేనున్నాను. మా వాణ్ణి కూడా తెస్తాను."

*

బస్సులో ఉండగా ఆవిడ పాత బటన్ల ఫోను మోగింది. రసీదు మీది నంబరుకు సర్జన్ చేశాడు. ఆవిడ నాకిచ్చింది.

"వెళ్ళిపోయాడు. మూడుంపావు దాకా కూర్చున్నాడు," అన్నాడు. "మీ అక్క నన్ను నానా తిట్లూ తిట్టి బ్లాక్ చేసింది. గుండె బొమ్మలు పెడుతూనే ఉన్నాను. అన్నీ ఫొటోలు తీసి ఉంచాను, రేపు స్టేషన్లో పనికొస్తాయి."

"సార్, ఈ రాత్రి నా ట్రంకు..."

"ఆ స్క్రూ దొరికింది," అని పెట్టేశాడు. ఆయన అంతే.

ట్రంకు సంగతి ఆవిడకు చెప్పాను. "ముందు వాడు దొరకనీ," అంది. అంతకుమించి మాట ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

బస్టాండులో మొదటి గేటు నుంచి తొమ్మిదో గేటుకు చాలా దూరం. నాలుగో గేటు దగ్గర ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. స్తంభానికి ఆనుకుని నిలబడింది. "నువ్వు పరిగెత్తు తల్లీ. నీలం చొక్కా. నేను వస్తాను."

పరిగెత్తాను. ఎనిమిదో గేటు దాటాక ఆగాను.

సిమెంటు బల్ల చివర నీలం చొక్కా కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. గడ్డం ఇంకా సరిగా రాలేదు. ఆగిన ప్రతి బస్సు మెట్ల వైపు చూస్తున్నాడు. దిగే ప్రతి ఆడమనిషి మొహం చూస్తున్నాడు. ఒక బస్సు ఖాళీ అయి వెళ్ళిపోయింది. తల తిప్పాడు. తన వైపే తిన్నగా నడిచి వస్తున్న నన్ను చూశాడు.

లేచి నిలబడ్డాడు.

"అక్కా?" అన్నాడు. "నువ్వేనా?"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అవునని చెప్పాలనిపించింది.

"కాదు," అన్నాను. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. దూరంగా ఆవిడ స్తంభం స్తంభం పట్టుకుంటూ వస్తోంది. వాడు ఇంకా చూడలేదు. ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"కుక్కర్ కూత వేసే వాయిస్ నీకు ఎన్నో రోజున వచ్చింది?" అడిగాను.

వాడు నెమ్మదిగా నా పక్కన కూలబడ్డాడు.

"పదకొండో రోజు," అన్నాడు.

"నాకు తొమ్మిదో రోజు."